కారా, ఇల్లా? అమలాపురంలో మేం వేసుకున్న లెక్కలు

2025 జూన్‌లో జరిగిన ఉపాధ్యాయుల బదిలీల్లో నాకు మలికిపురం వైపు ఒక ఉన్నత పాఠశాల వచ్చింది. అంతకు ముందు అమలాపురం పక్కనే, స్కూటీ మీద పావుగంటలో చేరుకునే బడిలో పనిచేశాను. ఇప్పుడు ఒక వైపుకే ముప్పై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. బోడసకుర్రు వంతెన మీదుగా గోదావరి పాయ వైనతేయను దాటి, 216వ నంబరు జాతీయ రహదారి మీద కొంత దూరం వెళ్లి, చివర్లో కాలువ గట్టు రోడ్డు పట్టుకోవాలి. బస్సు ఉంది, కానీ మొదటి పీరియడుకు అందేలా చేర్చే బస్సు ఒక్కటే. అది తప్పిందంటే ఆటోలు మారుతూ వెళ్లడమే. అప్పటికి మా ఇంట్లో ఉన్నవి 2011లో కొన్న వ్యాగన్ ఆర్, బ్యాంకులో తొమ్మిది లక్షల ఇరవై వేల రూపాయల పొదుపు. ఆ పొదుపు సొంతింటి కోసమని కొన్నేళ్లుగా నెలనెలా వేసుకుంటూ వచ్చినది.

కారు మార్చాలా, ఆ డబ్బు ముట్టుకోకుండా ఇంటికే ఉంచాలా అన్నది తేలడానికి మాకు జూన్ నుంచి డిసెంబరు దాకా పట్టింది. ఇదే సంకటంలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని, ఖర్చులూ ఎదురుచూపులూ దాచకుండా జరిగిన వరుసలోనే రాస్తున్నాను.

జూన్ 12న బడులు తెరిచారు. నెలాఖరున ఒక వానపొద్దున గట్టు రోడ్డు మీద కారు గుంతలో దిగినప్పుడు పాదానికి చల్లగా ఏదో తగిలింది. చూసుకుంటే చెప్పు తడిసిపోయి ఉంది. ఆ ఆదివారం మెకానిక్ దగ్గరికి తీసుకెళితే, ఆయన డ్రైవరు సీటు ముందున్న రబ్బరు మ్యాటునూ దాని కింద పరచిన గుడ్డనూ ఎత్తి, స్క్రూడ్రైవరు మొనతో అడుగు రేకును మెల్లగా పొడిచాడు. మొన సులువుగా కిందికి దిగిపోయింది. ఆ కన్నంలోంచి షెడ్డు నేల కనిపించింది. చుట్టూ ఉన్న రేకు వేలు తగిలితే చాలు, మాడిన అప్పడంలా పొరలు పొరలుగా రాలింది. "ఇంజనుకేం ఢోకా లేదండి మేడమ్ గారూ, ఉప్పుగాలికి అడుగు తినేసిందండి, అంతేనండి" అన్నాడాయన. ఆయన తేలిగ్గానే అన్నాడు గానీ, నేను రోజూ పిల్లల పుస్తకాల సంచితో, ఒక్కోసారి మా అమ్మాయితో కూడా, ఆ రేకు మీదే కాళ్లు పెట్టుకుని కాలువ పక్కన వెళుతున్నానన్న ఆలోచన ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

నాకు కారు మీద మోజు లేదు, భయం ఉంది. మా వైపు గట్టు రోడ్లు తెలిసినవాళ్లకు ఈ భయం విడమరిచి చెప్పనక్కర్లేదు: ఒక పక్క నిండు కాలువ, ఇంకో పక్క పంట బోదె, మధ్యలో ఎదురుగా ధాన్యం ట్రాక్టరు. మన దేశంలో అన్ని కొత్త కార్లకూ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో, డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది అదే ఏడాది జూలైలో. 2011 నాటి మా బండిలో ఆ రెండూ లేవు. మారుతి కొత్త డిజైర్‌కు, కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో, పెద్దల భద్రతకు ఐదు నక్షత్రాలు వచ్చాయని, ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకాల్లోనూ ఉంటాయని చదివాక నా మనసు అటు మొగ్గింది. మావారిది ఇంకో దారి. ఆయన ఎరువుల కంపెనీలో సేల్స్ ఉద్యోగి, పగలంతా ఊళ్లు తిరిగేది మోటారు సైకిల్ మీదే. ఏటా పెరిగే అద్దె ఆయన్ను కారు కన్నా ఎక్కువ బాధిస్తుంది. మేముండే వాటాకు ఇప్పుడు నెలకు తొమ్మిదిన్నర వేలు.

జూలైలో షోరూముకు వెళ్లాం. మధ్య రకం డిజైర్‌కు అన్నీ కలిపి తొమ్మిది లక్షల నలభై వేల దాకా అవుతుందని కాగితం మీద రాసి ఇచ్చారు. అందులో లైఫ్ ట్యాక్సు, రిజిస్ట్రేషన్ తప్పించుకోలేనివి. బీమా మాత్రం వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న నిబంధన లేదు, బయట అడిగితే అదే కవరేజీకి నాలుగు వేలు తక్కువ చెప్పారు. యాక్సెసరీల కిట్టు, పొడిగించిన వారంటీ అన్న రెండు వరసలు మనం వద్దంటే కొట్టేస్తారు, అడగకపోతే అలాగే ఉండిపోతాయి. మా పాత బండికి ఎక్స్‌ఛేంజి బోనస్‌తో కలిపి అరవై అయిదు వేలు కట్టారు. మెకానిక్ మాత్రం బయట అమ్మితే ఎనభైకి తగ్గదన్నాడు.

అప్పుడే బుక్ చేద్దామంటే ఆషాఢం. అత్తయ్యగారు "శ్రావణం రానీయమ్మా, నాలుగు వారాల్లో కొంప మునిగిపోదు కదా" అన్నారు. ఆ ఆగడమే మాకు కలిసొచ్చింది. ఆగస్టు 15న ఎర్రకోట ప్రసంగంలో ప్రధాని జీఎస్టీ తగ్గింపుల మాట చెప్పడంతో షోరూము కుర్రాడే ఫోను చేసి, కొన్నాళ్లు ఆగితే మంచిదని తనంతట తానే చెప్పాడు. అదే రోజు రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం మొదలై పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుని నేనూ కొన్ని వారాలు బస్సులోనే వెళ్లాను. డబ్బు మిగిలిన మాట నిజమే. పెట్రోలుకు నెలకు తొమ్మిది వేల పైచిలుకు అయ్యేది ఒక్కసారిగా ఆగిపోయింది. అయితే ఆ ఒక్క బస్సులో నిలబడటానికి చోటు దొరకడమే గగనమైంది, సాయంత్రం ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటిపోయేది. ఇంటి పని, కాపీలు దిద్దడం, మామయ్యగారి మందులు అన్నీ ఆ తర్వాతే.

ఆగస్టు మూడో వారంలో మావారు నన్ను బలవంతాన ఒక బ్యాంకుకు తీసుకెళ్లారు. కారు లోను అడగడానికి కాదు, ఇంటి లోను ఎంత వస్తుందో ముందే తెలుసుకుందామని. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడిన అరగంట అదే. రుణాల అధికారి నా జీతంలో చేతికొచ్చే 58 వేలనూ, మావారి జీతంలో స్థిరంగా వచ్చే 22 వేలనూ మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు. ఇన్సెంటివ్‌లను పట్టించుకోలేదు. మొత్తం 80 వేలలో సగం, అంటే 40 వేలు, అన్ని అప్పుల నెల వాయిదాలకూ కలిపి హద్దు అన్నారు. ఇరవై ఏళ్లకు 8 శాతం వడ్డీ అనుకుంటే లక్షకు నెలకు 836 రూపాయలు, అంటే ఇతర అప్పులేవీ లేకపోతే 47 లక్షల పైచిలుకు దాకా అర్హత ఉంటుంది. తర్వాత ఆయన స్క్రీను మా వైపు తిప్పి, కారుకని ఆరు లక్షలు 9 శాతానికి అయిదేళ్ల గడువు మీద తీసుకున్నట్టు అంకెలు వేశారు. దాని వాయిదా నెలకు 12,455. అది తీసేస్తే ఇంటి లోను అర్హత 33 లక్షల లోపుకు పడిపోయింది.

ఆరు లక్షల కారు అప్పు దాదాపు పదిహేను లక్షల ఇంటి అప్పును మింగేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు, మా స్టాఫ్ రూములో చెబితే ఎవరికీ తెలియదు. కారు అప్పు అయిదేళ్లలో తీరేది కాబట్టి వాయిదా పెద్దది, ఇంటి అప్పు ఇరవై ఏళ్లది కాబట్టి అదే వాయిదాకు చాలా పెద్ద మొత్తం వస్తుంది. అసలు సంగతి అంతే. మేం అనుకున్న స్థలమూ ఇల్లూ కలిపి 42 లక్షలు. 30 నుంచి 75 లక్షల మధ్య గృహరుణాలకు రిజర్వు బ్యాంకు పెట్టిన హద్దు విలువలో 80 శాతం, అంటే 33 లక్షల 60 వేలు అప్పు, మిగిలిన 8 లక్షల 40 వేలు చేతి డబ్బు. రిజిస్ట్రేషన్ ఖర్చు దానికి అదనం. కారు కొంటే అటు అర్హతా చాలదు, ఇటు చేతి డబ్బూ చాలదు. ఇంటికి తిరిగొస్తూ మావారు ఒక్క మాటా అనలేదు. ఏదైనా అని ఉంటే వాదించి తేలికపడేదాన్ని.

పన్ను మినహాయింపు మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఇల్లు కొనమన్న ప్రతివారూ దాన్నే ఎత్తారు. నేను కొత్త పన్ను విధానంలో ఉన్నాను. అందులో సొంతంగా ఉండే ఇంటి రుణం వడ్డీకి మినహాయింపు లేదు, 2025-26లో పన్నెండు లక్షల దాకా ఆదాయానికి రిబేటు వల్ల పన్నే పడదు. మాకు ఆ లాభం సున్నా.

సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి నిర్ణయం వచ్చింది, 22 నుంచి అమలు. నాలుగు మీటర్ల లోపు చిన్న పెట్రోలు కార్ల మీద 28 శాతం పన్ను, దాని మీద సెస్సు పోయి 18 శాతమయ్యాయి. అదే రోజు నుంచి సిమెంటు మీద కూడా 28 నుంచి 18కి తగ్గింది గానీ, దాని గురించి మా చుట్టుపక్కల మాట్లాడినవాళ్లు లేరు. బస్తాకు పాతిక, ముప్పై రూపాయలు తగ్గడం ఎవరి కంటికి ఆనుతుంది? కారు తగ్గుదల మాత్రం పేపర్లో సగం పేజీ ప్రకటనగా వచ్చింది. మాకు చెప్పిన మొత్తం ఎనిమిది లక్షల అరవై వేలకు దిగింది. అప్పు ఐదున్నర లక్షలు చాలు, వాయిదా 11,400 దాకా. ఆ లెక్కన ఇంటి రుణం అర్హత మళ్లీ 34 లక్షలు దాటి బొటాబొటిగా సరిపోతుంది. ఈ బొటాబొటీ పట్టుకునే సెప్టెంబరు 25న, దసరా నవరాత్రుల్లో, పదకొండు వేలు కట్టి నేను బుక్ చేశాను. దీపావళికి బండి ఇస్తామన్నారు. రద్దీ వల్ల అది నవంబరు రెండో వారానికి జరిగింది.

ఆ ఎదురుచూపులో సెకండ్ హ్యాండ్ కార్లు కూడా చూశాం. మెకానిక్ సలహా ఇది: 2021 తర్వాతి బండి అయితే ముందు రెండు ఎయిర్‌బ్యాగులు ఉంటాయని ఆశించవచ్చు, నాలుగున్నర, అయిదు లక్షల్లో వస్తుంది. కాకినాడలో ఒకటి అందంగా కనిపించింది. మా మెకానిక్ తనిఖీ చేసే పద్ధతి నేను దగ్గరుండి చూశాను. ఆయన ముందు ఇంజను జోలికే పోలేదు. వెనక సీటు బెల్టును పూర్తిగా, ఇక రానంత దాకా, బయటికి లాగాడు. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు మేర బూడిదరంగు చార ఉంది. తర్వాత స్టెప్నీ గుంతలో వేలు పెట్టి తీస్తే సన్నటి ఒండ్రు మట్టి అంటింది. "నీళ్లలో ఉన్న బండండి" అని చెవిలో చెప్పాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు తడిసిన బండ్లు చాలా చేతులు మారాయని, ఇలాంటివి బయటికి మెరుస్తాయి గానీ లోపల వైరింగు ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేమని ఆయన అభిప్రాయం. ఆ బండి అక్కడిదో కాదో నాకు తెలియదు, మేం మాత్రం వద్దనుకున్నాం. పైగా పాత కార్లకు అప్పు వడ్డీ కొత్తవాటి కంటే బాగా ఎక్కువ చెప్పారు.

ఇదే సమయంలో స్థలాలూ చూస్తున్నాం, ఎందుకంటే మావారు పట్టు వదల్లేదు. ఊరికి ఆనుకుని ఒక వరిచేను ప్లాట్లుగా కోసి అమ్ముతున్నారు. అయిదు సెంట్లు, సెంటు మూడు లక్షలు. మధ్యవర్తి మాటల్లో అది బంగారం. మామయ్యగారు మాత్రం ఎక్కడికి తీసుకెళ్లినా ధర అడగరు, "ఇక్కడ పడ్డ నీళ్లు ఎటు పోతాయి?" అని అడుగుతారు. ఆయనది గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డున ఒక లంక గ్రామం. 1986 ఆగస్టు వరదలో పుట్టిన ఇల్లు గోడలతో సహా కరిగిపోయింది, ఆ తర్వాత ఆయన జీవితమంతా అద్దె ఇళ్లలోనే గడిచింది. ఆ చేను రోడ్డు కంటే మూడున్నర అడుగుల పల్లంలో ఉంది. మెరక చేయడానికి దాదాపు వంద ట్రక్కుల మట్టి పడుతుందని, ట్రక్కు పన్నెండు వందలని, మట్టి జారకుండా చుట్టూ గోడ కట్టాలని, నల్లమట్టి కాబట్టి పునాదికి పైల్స్ వేయకపోతే గోడలు బీటలిస్తాయని మేస్త్రి చెప్పాడు. ఇవన్నీ కూడితే మరో నాలుగు లక్షలు. లేఅవుట్ అనుమతి లేదు కాబట్టి బ్యాంకు అప్పు ఇవ్వదని అప్పటికే తెలిసింది. అయినా ధర తక్కువని మావారు ఊగిసలాడుతూనే ఉన్నారు.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మా వీధిలో కొబ్బరి చెట్లు రెండు కూలి కరెంటు పోయింది. వాన తగ్గాక మేం ముగ్గురం ఆ చేను చూడటానికి వెళ్లాం. ప్లాట్ల హద్దురాళ్లు కనిపించలేదు, వాటి మీద వేసిన ఎర్రరంగు మాత్రం నీటి పైకి అంగుళమంత తేలుతోంది. మురుగు కాలువ ఎగదన్ని నీరు అటు నుంచి చేలోకే వస్తోంది. వారం గడిచాక వెళ్లినా పాదం మునిగేంత నీరు నిలిచే ఉంది. మామయ్యగారు పంచె ఎగగట్టి గట్టు మీద నిలబడి, ఏమీ అనకుండా మా వైపు చూసి వెనక్కి తిరిగారు. స్థలం చూడాలంటే తుపాను మర్నాడు చూడాలని మా వైపు పెద్దవాళ్లు ఎందుకంటారో నాకు అప్పుడు అర్థమైంది.

అక్కడి నుంచి కిలోమీటరు దూరంలో, పాత కొబ్బరి దిమ్మను చదును చేసి వేసిన చిన్న లేఅవుట్ ఒకటి ఉంది. అనుమతి నంబరు ఉంది, రోడ్డు ఉంది. అదే రోజు చూస్తే అక్కడ తడి తప్ప నీరు లేదు. పక్కింటి బోరు నీళ్లు తాగి చూశాం, ఉప్పన లేదు. మా వైపు ఇది కూడా చూసుకోవాల్సిందే, రెండు వీధుల తేడాలో చప్ప నీరు ఉప్పునీరవుతుంది. నాలుగు సెంట్లు, 193 గజాల పైచిలుకు. అమ్మే ఆయన రొయ్యల రైతు. అమెరికా సుంకాలు ఆగస్టు 27 నుంచి 50 శాతానికి చేరాక తన చెరువుల లెక్క తారుమారైందని, మేత బాకీ తీర్చడానికి అమ్ముతున్నానని దాపరికం లేకుండా చెప్పాడు. సెంటు నాలుగున్నర లక్షలన్నది నాలుగు లక్షల ఇరవై వేలకు తెగింది. మొత్తం పదహారు లక్షల ఎనభై వేలు. ఆయన ఇబ్బందిలో మాకు ధర తగ్గిందన్న విషయం నాకు ఇప్పటికీ పూర్తి సంతోషాన్నివ్వదు.

నవంబరు మొదటి వారంలో ఒక రాత్రి అమ్మాయి పడుకున్నాక మావారూ నేనూ నోటుపుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. కారు తీసుకుంటే చేతిలో ఆరు లక్షలు మిగులుతాయి, నెలకు మేం దాచే పదిహేను వేలు నాలుగు వేలవుతాయి, ఈ స్థలం చేజారుతుంది. స్థలం తీసుకుంటే నేను ఎయిర్‌బ్యాగు లేని బండిలో గట్టు మీద తిరుగుతాను. ఆయన "నీ భయం నాకు చిన్నదిగా కనిపిస్తోందని అనుకోకు" అన్నారు. నేను బదులు చెప్పలేదు, ఏడ్చాను. తర్వాత మేం పెట్టుకున్న షరతులు ఇవీ: పాత బండికి రేకు, బ్రేకులు, టైర్లు వెంటనే బాగుచేయించాలి. వానపడే రోజుల్లో బస్సే. గట్టు రోడ్డు మీద చీకటి పడ్డాక నడపకూడదు. మళ్లీ కారు కొన్నా అప్పు లేకుండా, నగదుకు మాత్రమే. మర్నాడు బుకింగు రద్దు చేశాను. డబ్బు తిరిగి రావడానికి మూడు వారాల పైన పట్టింది, వెయ్యి రూపాయలు కోసుకున్నారు. రద్దు షరతులు రసీదు వెనక సన్నటి అక్షరాల్లో ఉంటాయి, కట్టే ముందే చదువుకోవాలి.

కార్తికం దాటకుండా నవంబరు 14న బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నాం, 17న బ్యాంకులో దరఖాస్తు పెట్టాం. వాళ్లు అడిగినవి ముప్పై ఏళ్ల లింకు దస్తావేజులు (స్థలం ఇంతకు ముందు చేతులు మారినప్పటివి), ఈసీ (స్థలం మీద నమోదైన అమ్మకాలూ తాకట్లూ చూపే పత్రం), లేఅవుట్ ప్లాను, పన్ను రసీదులు. ఈసీ 1983 నుంచి ఆన్‌లైన్‌లోనే దొరికింది. లింకు దస్తావేజుల్లో ఒకటి మాత్రం అమ్మేవాళ్ల అన్నగారి బీరువాలో ఉండి, ఆయన ఎవరిదో పెళ్లికి విశాఖ వెళ్లినందువల్ల, వారం ఆలస్యమైంది. లాయరు అభిప్రాయానికి, వాల్యుయేషనుకు కలిపి తొమ్మిది వేలు. ఇక్కడ ఒక విషయం చాలామందికి ముందుగా తెలియదు: దస్తావేజులో ప్రభుత్వ విలువ మేరకే రాసి మిగతాది చేతికివ్వమని మధ్యవర్తి అన్నాడు గానీ, బ్యాంకు అప్పు ఇచ్చేది దస్తావేజులో రాసిన ధర చూసే కాబట్టి అలా రాస్తే అప్పు కూడా సగమవుతుంది. స్థలం లావాదేవీలో ఇరవై వేలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టమే నిషేధించింది. మేం మొత్తం ధర రాయించాం, మొత్తం ఖాతా ద్వారానే ఇచ్చాం. దాని ఫలితం స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషను రుసుము 1, వెరసి ఏడున్నర శాతం, 1,26,000 రూపాయలు. ఇది అప్పులో కలవదు, చేతి డబ్బే.

డిసెంబరు 5న రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీది వడ్డీని, 5.50 శాతం నుంచి 5.25కు తగ్గించింది, 8న మా పన్నెండు లక్షలు 8 శాతం వడ్డీకి మంజూరయ్యాయి, 12న రిజిస్ట్రేషన్ జరిగింది. శుక్ర మౌఢ్యమి వచ్చేసిందని అత్తయ్యగారు బెంగపడితే, పంతులుగారు బయానా ముందే ఇచ్చారు కనుక దోషం లేదని, శంకుస్థాపనకు మాత్రం ఫిబ్రవరి 17 దాటాలని చెప్పారు. పదిహేనేళ్ల గడువుకు నెల వాయిదా 11,468. కారుకు కట్టబోయిన వాయిదాకు, దీనికి తేడా డెబ్బై రూపాయల లోపే. సంతకాలు పెట్టి బయటికొచ్చాక మామయ్యగారు దస్తావేజును చేతిలోకి తీసుకుని, అద్దాలు సరిచేసుకుని, హద్దుల పేరా మొత్తం నిలబడే చదివారు.

బండి పని డిసెంబరులోనే చేయించాం. అడుగు రేకు వెల్డింగు, పెయింటు పద్నాలుగు వేలు, నాలుగు టైర్లు పదిహేను వేల రెండు వందలు, క్లచ్ తొమ్మిది వేలు, బ్రేకు ప్యాడ్లు, బుష్షులు ఆరు వేల ఎనిమిది వందలు, మొత్తం నలభై అయిదు వేలు. వెల్డింగుకు బండి వారం పైగా షెడ్డులోనే ఉంది. అప్పటి నుంచి అదే దారిలో వెళ్లే ఇద్దరు టీచర్లు నాతో వస్తున్నారు. తలా రెండు వేలు పెట్రోలుకు ఇస్తారు కాబట్టి నా వంతు అయిదు వేల పైచిలుకే. ఒంటరిగా లేనన్న ధైర్యం కూడా ఉంది, అయితే ఎదురుగా ట్రాక్టరు వచ్చినప్పుడు స్టీరింగు మీద నా చేతులు బిగుసుకోవడం తగ్గలేదు.

పదిహేనేళ్లు నిండగానే బండి తుక్కుకే అని నాకు పదిమంది చెప్పారు. ఆ కఠిన నియమం ఢిల్లీ ప్రాంతానికి సంబంధించినది. మన దగ్గర సొంత కారుకు ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే ఆర్‌సీని మరో అయిదేళ్లకు పొడిగిస్తారు. రుసుము 2022 ఏప్రిల్ నుంచి అయిదు వేలు, గ్రీన్ ట్యాక్సు వేరు. మా ఆర్‌సీ గడువు 2026 జూన్‌తో ముగుస్తుంది కాబట్టి ఏప్రిల్‌లోనే దరఖాస్తు పెడతాం. ఆ పరీక్షలో అడుగు రేకు గురించి మళ్లీ పెద్ద ఖర్చు చెబితే బండిని వచ్చిన ధరకు అమ్మేసి, అక్టోబరులో చేతికొచ్చే చీటీ డబ్బుతో 2021 తర్వాతి కారు ఒకటి నగదుకు తీసుకోవాలని, మెకానిక్‌ను వెంటబెట్టుకుని సీటు బెల్టు లాగి చూశాకే బయానా ఇవ్వాలని అనుకున్నాం. ఇంటి ప్లాను గీసే ఇంజనీరుకు మావారు ఇప్పటికే చెప్పారు, కారు నిలిపే చోటు తొమ్మిది అడుగుల వెడల్పుకు తగ్గకూడదని.